1836 నాటి కొరియా జనాభాలో క్రైస్తవులను ఎంతమందిని చూపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: 1836లో మొదలై 1936లో ముగిసే విక్టోరియా తరహా కంప్యూటర్ ఆటకు మీరు కొరియా మీద ఒక మోడ్, అంటే ఆటను మార్చే ఫైళ్ల కట్ట, తయారు చేస్తున్నారు. ఈనాడు దక్షిణ కొరియాలో నాలుగో వంతుకు పైగా క్రైస్తవులే గనుక ఆరంభంలోనే ఐదు శాతం పెట్టాలని మీ జట్టులో ఒకరు అంటున్నారు. ఆ దేశం పాశ్చాత్యులకు తలుపులు తెరిచిందే 1880ల్లో గనుక సున్నా పెట్టాలని మరొకరు వాదిస్తున్నారు. ఎవరి మాట చరిత్రకు దగ్గరగా ఉందని అడిగారు.

ఇద్దరి మాటా కాదు. వెయ్యిమందిలో ఒక్కరిని క్రైస్తవులుగా చూపండి. ఆ ఒక్కరూ కేథలిక్కే కావాలి, ప్రొటెస్టంట్ కాకూడదు. వారిని ప్యోంగ్యాంగ్ వైపు కాక, సియోల్ చుట్టుపక్కల, దానికి దక్షిణాన ఉన్న కొండ ప్రాంతాల్లో పెట్టండి. అయితే ఈ అంకె ఒక్కటే సరిచేసి ఊరుకుంటే మీ మోడ్ 1936 నాటికి మళ్లీ తప్పే చూపిస్తుంది. ఎందుకంటే కొరియాలో క్రైస్తవం పెరిగిన దారి ఈ ఆటల యంత్రాంగం ఊహించే దారి కాదు. పదేళ్లకు పైగా ఇలాంటి ఆటలకు జనాభా ఫైళ్లు రాస్తున్నాను, ఈ విషయంలో నేనూ తప్పులు చేశాను, అందువల్ల కాస్త వివరంగానే రాస్తున్నాను.

మొదట లెక్క. 1839లో పెద్ద హింసాకాండ మొదలవడానికి ముందు కొరియాలో కేథలిక్కులు సుమారు తొమ్మిది వేలమంది. అప్పటి జోసన్ రాజ్యపు కుటుంబ రిజిస్టర్లలో నమోదైనవారు డెబ్బై లక్షల లోపు ఉన్నా, పన్నులకూ సైనిక సేవకూ భయపడి పేరు రాయించుకోనివారు చాలామంది గనుక అసలు జనాభా కోటి దాటి ఉంటుందన్నది చరిత్రకారుల సాధారణ అభిప్రాయం. కోటిలో తొమ్మిది వేలంటే శాతంలో పదో వంతు కూడా నిండదు. ఆట ఫైల్లో ఇంత చిన్న సమూహాన్ని పెడితే గుండ్రం చేసే క్రమంలో మాయమైపోయే ప్రమాదం ఉంది గనుక, వారిని అన్ని రాష్ట్రాలకూ పంచకుండా రెండు మూడు చోట్ల గుంపుగా పెట్టండి. చరిత్రలోనూ వారు అలాగే బతికారు.

ఐదు శాతం అన్న మిత్రుడు ఎక్కడ జారాడో చూడండి. 2015 జనగణనలో దక్షిణ కొరియన్లలో ప్రొటెస్టంట్లు 19.7 శాతం, కేథలిక్కులు 7.9 శాతం, బౌద్ధులు 15.5 శాతం, ఏ మతమూ లేదన్నవారు 56.1 శాతం. ఈ అంకెను వెనక్కి సరళరేఖలో గీస్తే 1836లో ఐదు శాతం న్యాయంగానే కనిపిస్తుంది. కానీ 1900 ప్రాంతంలో ఇరు శాఖలూ కలిపి అర శాతం దరిదాపు, 1945లో దేశం రెండు ముక్కలయ్యేనాటికి రెండు మూడు శాతం, 1985 జనగణనలో దక్షిణ కొరియాలో ఇరవై శాతానికి పైగా. పెరుగుదలలో సింహభాగం మీ ఆట ముగిశాక, యుద్ధమూ వలసలూ నగరీకరణా ముంచెత్తిన నలభై ఏళ్లలో జరిగింది. అమెరికాలో ఉన్న తెలుగు ఆటగాళ్లు ఈ పొరపాటు మరీ ఎక్కువగా చేస్తుంటారు. అక్కడి కొరియన్లలో పదిమందికి ఏడుగురు క్రైస్తవులని 2012 నాటి ప్యూ సర్వే తేల్చింది. పక్కింటి కొరియన్ కుటుంబం ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్తుంటే, ఆ దేశమంతా తరతరాలుగా అంతేనని అనిపించడం సహజమే.

నా తప్పు మరో రకమైనది. ప్యోంగ్యాంగ్‌ను 'తూర్పు దేశపు యెరూషలేము' అన్నారని ఎక్కడో చదివి, నా మొదటి మోడ్‌లో ఉత్తర ప్రాంతమైన ప్యోంగన్‌కు 1836లోనే రెండు శాతం ప్రొటెస్టంట్లను కేటాయించాను. ఒక ఆటగాడు మర్యాదగానే అడిగాడు: "ఆ సంవత్సరానికి ఆ దేశంలో ఒక్క ప్రొటెస్టంట్ సంఘమైనా ఉందా?" లేదు. గుట్స్‌లాఫ్ అనే జర్మన్ మిషనరీ 1832లో ఓడ మీద పశ్చిమ తీరానికి వచ్చి కొన్నాళ్లు ఉండి వెళ్లాడు, అంతే. ప్యోంగ్యాంగ్‌కు ఆ పేరు రావడానికి ఇంకా డెబ్బై ఏళ్లుంది.

మరి 1836లో ఉన్న ఆ కొద్ది వేలమంది ఎవరు? సున్నా అన్న మిత్రుడు ఇక్కడే పొరబడ్డాడు. వారి కథ మిషనరీతో కాక పుస్తకాలతో మొదలవుతుంది. బీజింగ్‌కు కప్పం పట్టుకెళ్లే జోసన్ రాయబార బృందాలు అక్కడి జెసూయిట్లనే కేథలిక్ సన్యాసులు చైనా భాషలో రాసిన గ్రంథాలను వెంట తెచ్చుకునేవి. కన్ఫ్యూషియన్ పండితులు వాటిని 'పాశ్చాత్య విద్య' అన్న పేరుతో గణితం, ఖగోళశాస్త్రంతో కలిపి చదివేవారు. 1770ల చివర్లో అధికారానికి దూరమైన నామిన్ వర్గానికి చెందిన కొందరు యువ పండితులు ఆ చదువును దాటి విశ్వాసంలోకి వెళ్లారు. వారిలో యి సుంగ్‌హున్ 1783 చివర్లో తండ్రితో పాటు రాయబార బృందంలో బీజింగ్ వెళ్లి, 1784లో అక్కడ బాప్తిస్మం పొంది, తిరిగివచ్చి మిత్రులకు తానే బాప్తిస్మం ఇచ్చాడు. కొంతకాలం తమలో తామే గురువులను (చర్చి పూజారులను) నియమించుకుని పూజలు కూడా నడిపారు. అది చెల్లదని తర్వాత బీజింగ్ నుంచి తెలిసి ఆపేశారు. విదేశీ గురువు ఒక్కరూ వారి దగ్గరికి రాకముందే సంఘం ఏర్పడింది. చైనా గురువు జౌ వెన్‌మో రహస్యంగా ప్రవేశించేనాటికే, అంటే 1794 చివరికే, వేలమంది ఆయన కోసం ఎదురుచూస్తున్నారు.

కాబట్టి వర్గం కూడా ముఖ్యం. 1790కి ముందైతే వీరిని కులీన పండితులుగా చూపడం సరైనది. 1836 నాటికి అది తప్పు. కారణం పితృకర్మ. పూర్వీకుల పేర్లు రాసిన కొయ్య పలకల ముందు నైవేద్యం పెట్టి మొక్కడం క్రైస్తవులకు తగదని 1790లో బీజింగ్ బిషప్పు స్పష్టం చేశాడు. మరుసటి ఏడు యున్ జిచుంగ్ అనే కులీనుడు తన ఇంటి పలకలను తగలబెట్టి, తల్లి అంత్యక్రియలు కన్ఫ్యూషియన్ పద్ధతిలో జరపలేదు. అతనికీ, అతని బంధువు క్వోన్ సాంగ్‌యోన్‌కూ జోంజులో శిరచ్ఛేదం చేశారు. మన వైపు తద్దినం పెట్టని కొడుకును ఊరు ఎలా చూస్తుందో ఊహించుకుంటే ఆ నేరం తీవ్రత కొంత అర్థమవుతుంది, కానీ అక్కడ అది అంతకు మించినది. తండ్రి పట్ల భక్తే రాజు పట్ల భక్తికి పునాది అయిన రాజ్యంలో పలకను కాల్చడమంటే తిరుగుబాటుతో సమానం. కులీనుల్లో చాలామంది వెనక్కి తగ్గారు. 1800లో వీరిని చూసీ చూడనట్టు వదిలేసిన రాజు జోంగ్జో చనిపోయాక, 1801లో వందమందికి పైగా మరణశిక్షకు గురయ్యారు, మిగిలినవారు కొండల్లోకి చెదిరిపోయారు.

ఆ కొండల్లో వారు చేసిన పని మీ ఆటకు నేరుగా పనికొస్తుంది. వారిలో ఎన్నో కుటుంబాలు కుండలు చేసి బతికాయి. కిమ్చీ, సోయా ముద్ద నిల్వ చేసుకునే ఓంగీ అనే పెద్ద మట్టి జాడీలవి, మన ఆవకాయ జాడీల్లాంటివే కానీ మనిషి నడుము ఎత్తువి కూడా ఉంటాయి. కుమ్మరిపని హీనంగా చూసే పని గనుక అధికారులు ఆ గుడిసెల వైపు తొంగిచూడరు. మట్టీ కట్టెలూ కొండల్లోనే దొరుకుతాయి. అన్నిటికంటే ముఖ్యం, జాడీలు వీపున కట్టుకుని ఊరూరా తిరిగే మనిషిని ఎవరూ అనుమానించరు, అతను ఒక గ్రామపు విశ్వాసుల కబురు మరో గ్రామానికి చేరవేయగలడు. అందుకే నేను కొరియా కేథలిక్కులను సియోల్‌కు దక్షిణాన ఉన్న చుంగ్‌చోంగ్ ప్రాంతంలో చేతివృత్తులవారుగా, రైతులుగా పెట్టాను, కులీనులుగా బొత్తిగా కొద్దిమందినే ఉంచాను.

ఇక 1836 అనే సంవత్సరం విషయానికొద్దాం. సరిగ్గా ఆ జనవరిలోనే ఫ్రెంచి గురువు పియేర్ మాబాన్ గడ్డకట్టిన యాలూ నదిని రాత్రిపూట నడిచి దాటి, సరిహద్దు పట్టణం ఉయిజు గోడ కింది నీటి తూము గుండా పాకి లోపలికి వచ్చాడు. అక్కడి విశ్వాసుల మధ్యకు చేరిన తొలి పాశ్చాత్య గురువు ఆయనే. అలా వచ్చిన ఫ్రెంచి గురువులు వేసుకున్న మారువేషం గమనించదగినది: తండ్రి చనిపోయిన కొడుకు కట్టే ముతక జనపనార బట్టలు, భుజాల దాకా వాలే వెదురు టోపీ, ముఖానికి అడ్డంగా పట్టుకునే గుడ్డ. దుఃఖంలో ఉన్న కొడుకును పలకరించకూడదు, అతను ముఖం చూపకూడదు గనుక, నీలికళ్ల విదేశీయుడు దేశమంతా తిరగడానికి అంతకంటే మంచి ముసుగు లేదు. పితృకర్మను నిషేధించిన మతపు గురువును పితృకర్మ ఆచారమే కాపాడిందన్నమాట. మీ మోడ్‌లో తొలి ఈవెంట్‌గా, అంటే ఆట మధ్యలో వచ్చే ఘటనగా, దీన్నే పెట్టమని నా సలహా. తేదీ కూడా కలిసొచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ ఆటల్లో మతం పైనుంచి కిందికి ప్రవహిస్తుంది. విక్టోరియాలో జనసమూహాలు రాజ్యపు అధికార మతం వైపు మారుతాయి. యూరోపా యూనివర్సాలిస్ 4లోనైతే ఒక్కో ప్రావిన్సుకు ఒకే మతం ఉంటుంది, దాన్ని మార్చడానికి మామూలుగా రాజ్యమే మిషనరీని పంపాలి. కొరియాలో జరిగింది దీనికి తలకిందులు. రాజ్యం దాదాపు ఎనభై ఏళ్లపాటు విడతలుగా చంపుతూనే ఉంది, విశ్వాసం ఇరుగుపొరుగు ద్వారా, బంధుత్వాల ద్వారా, చేత్తో నకలు రాసుకున్న పుస్తకాల ద్వారా పాకుతూనే ఉంది. నేను మొదటిసారి అంకెలు సరిగ్గా పెట్టి ఆటను దానంతటదే నడవనిస్తే ఇరవై ఏళ్లు తిరక్కుండా నా కేథలిక్కులందరూ కన్ఫ్యూషియన్లయిపోయారు. ఆటను మరోసారి నడిపితే, జపాన్ ఆక్రమించిన ఆ పరుగులో కొరియన్లు జపాన్ మతమైన షింటో వైపు జారిపోసాగారు. రెండూ చరిత్రకు పూర్తి విరుద్ధం. కాబట్టి మొదట చేయవలసింది, ఈ సమూహాలకు మతమార్పిడి వేగాన్ని సున్నా చేసే ఒక మాడిఫయర్ తగిలించి, హెచ్చుతగ్గులన్నీ ఈవెంట్ల చేతికి ఇవ్వడం.

ఈవెంట్లలో హింసాకాండలను కేవలం 'జనాభా తగ్గింది' అని రాయకండి. 1839లో మాబాన్‌ను, తర్వాత వచ్చిన ఫ్రెంచి గురువు షాస్తాన్, బిషప్పు ఇంబేర్‌లతో కలిపి ముగ్గురినీ సియోల్ నది ఒడ్డున సేనమ్‌తోలో శిరచ్ఛేదం చేశారు. 1845లో షాంఘైలో అభిషేకం పొందిన తొలి కొరియన్ గురువు కిమ్ దేగోన్‌ను మరుసటి ఏడే చంపారు. అయినా 1866 నాటికి విశ్వాసులు ఇరవై వేలు దాటారు. అంటే ప్రతి ఈవెంట్ రెండు పనులు చేయాలి: ఉన్నచోట తగ్గించాలి, పక్క ప్రాంతంలో కొత్త చిన్న గుంపును పుట్టించాలి. 1866 ఒక్కటి వేరు. బాలరాజు తండ్రి డేవన్‌గున్ పాలనలో మొదలైన ఆ కాండలో సుమారు ఎనిమిది వేలమంది చనిపోయారన్నది వాడుకలో ఉన్న అంచనా. తొమ్మిదిమంది ఫ్రెంచి గురువులను చంపినందుకు ఫ్రెంచి నౌకాదళం గాంగ్‌హ్వా ద్వీపం మీదికి వచ్చింది. ఇది దౌత్యపరమైన ఈవెంట్‌గా కూడా ఉండాలి.

రాజ్యాన్ని ఊరికే క్రూరమైనదిగా చిత్రించవద్దని కూడా ఒక మాట. 1801లో హ్వాంగ్ సాయోంగ్ అనే యువ విశ్వాసి బేరన్ అనే కుమ్మరి పల్లెలో, ఒక గుహలాంటి గోతిలో దాక్కుని, అర మీటరు పైచిలుకు వెడల్పున్న పట్టుగుడ్డ మీద పదమూడు వేలకు పైగా అక్షరాలతో బీజింగ్ బిషప్పుకు ఉత్తరం రాశాడు. ఎన్నో వందల ఓడలతో, యాభై అరవై వేల సైన్యంతో వచ్చి జోసన్ రాజును బెదిరించి మత స్వేచ్ఛ ఇప్పించమని అందులో అడిగాడు. ఆ గుడ్డ దొరికిపోయింది. ఆ తర్వాత ప్రతి క్రైస్తవుడూ విదేశీ సైన్యానికి దారిచూపేవాడేనని ఆస్థానం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆటగాడు కొరియా రాజుగా ఆడుతున్నప్పుడు ఈ భయం అతనికి నిజమైన భయంగా తోచాలి, 'సహనం' బటన్ నొక్కితే మాయమయ్యేలా ఉండకూడదు.

దీనితోనే ముడిపడి ఉన్నది దోంగ్‌హాక్. 1860లో చ్వే జేవూ స్థాపించిన ఈ మతం పేరుకే 'ప్రాచ్య విద్య', అంటే పాశ్చాత్య విద్యకు జవాబు. కానీ అధికారులకు రెండూ ఒకేలా కనిపించి 1864లో ఆయనను చంపేశారు. చాలా మోడ్‌లు దీన్ని వదిలేసి కొరియా పల్లెలను మొత్తం బౌద్ధంగానో కన్ఫ్యూషియన్‌గానో చూపిస్తాయి. దోంగ్‌హాక్ వారు నడిపిన 1894 రైతు తిరుగుబాటు మీ మోడ్‌లో ఉండాలంటే దీన్ని వదలడానికి వీల్లేదు.

ప్రొటెస్టంట్ల కోసం వేరే గడియారం పెట్టండి. అది 1880ల్లో మొదలవుతుంది, అప్పుడు కూడా పుస్తకమే ముందు. మంచూరియాలో జాన్ రాస్ అనే స్కాట్ మిషనరీ కొరియన్ వర్తకుల సాయంతో లూకా సువార్తను కొరియా సొంత లిపి హంగుల్‌లో 1882లో అచ్చువేశాడు. 1884లో వైద్యుడు హొరేస్ ఆలెన్ వచ్చి, ఆ డిసెంబరు కుట్రలో కత్తిపోట్లు తిన్న రాణి బంధువును బతికించడంతో ఆస్థానపు తలుపు తెరుచుకుంది. 1885 ఈస్టరు రోజున అమెరికన్ మిషనరీలు అండర్‌వుడ్, అపెన్‌జెల్లర్ ఇంచన్ రేవులో దిగారు. 1890 నుంచి స్థానిక సంఘాలు తమ ఖర్చు తామే భరించాలి, తమ బోధకులను తామే పోషించుకోవాలి అన్న పద్ధతి పాటించారు. పాత కులీన వర్గపు పట్టు తక్కువగా ఉండి, వర్తకులూ స్వంత భూమి ఉన్న రైతులూ ఎక్కువగా ఉన్న వాయవ్య ప్రాంతంలో ఇది బాగా నాటుకుంది. 1907 ప్యోంగ్యాంగ్ ఉజ్జీవం (విశ్వాసులను ఊపేసిన మత ఉత్తేజపు వెల్లువ) దాకా సాగిన ఈ పెరుగుదలను నేను నెలనెలా పెరిగే రేటుగా కాక, నాలుగైదు ఉరవళ్లుగా రాశాను. మద్రాసు ప్రెసిడెన్సీ ఫైలు రాస్తున్నప్పుడు నేర్చుకున్న పాఠమది. మన ఒంగోలులో 1876-78 కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అటువంటి దాన్ని సగటు రేటుతో చూపబోతే ఏ ఏడాదికీ నిజం చెప్పలేం.

అయితే తెలుగు నేలకూ కొరియాకూ ఒక పెద్ద తేడా ఉంది, దాన్ని ఆటలో తప్పక చూపాలి. కొరియాను ఆక్రమించిన సామ్రాజ్యం క్రైస్తవ సామ్రాజ్యం కాదు. 1910 తర్వాత చర్చి, దాని బడి జపాన్ చేతికి పూర్తిగా చిక్కని కొద్ది చోట్లలో ఒకటయ్యాయి. 1919 మార్చి 1 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 33 మందిలో 16 మంది క్రైస్తవులు, 15 మంది దోంగ్‌హాక్ వారసులైన చోందోగ్యో వారు, ఇద్దరు బౌద్ధులు. జనాభాలో రెండు శాతం దరిదాపున్నవారు సంతకాల్లో సగమన్నమాట. కనుక వారి సంఖ్యను పెంచకండి. వారి అక్షరాస్యతనూ రాజకీయ పలుకుబడినీ పెంచండి. 1930ల్లో పాఠశాలలను షింటో మందిరాలకు మొక్కించిన నిర్బంధాన్ని మతమార్పిడిగా చూపకండి; అది మతం కాదు, పౌర విధి మాత్రమేనని జపాన్ ప్రభుత్వమే వాదించింది. మీ ఆట ముగిసే 1936లో ఆ గొడవ ఇంకా తేలలేదు.

మిగిలిన జనాభాకు ఏ మతం పెట్టాలని మీరు చివర్లో అడిగారు. ఒకే ఇంట్లో తాత పితృకర్మ జరుపుతాడు, నానమ్మ గుడికి వెళ్లి బుద్ధుడికి దీపం పెడుతుంది, పిల్లవాడికి జ్వరమొస్తే ఇద్దరూ కలిసి పూనకం వచ్చే ముదాంగ్‌ను పిలుస్తారు. ఆటలో ఒకే గడి ఉంది గనుక నేను 'కన్ఫ్యూషియన్' అనే రాస్తాను, ఎందుకంటే రాజ్యం మనుషుల్ని శిక్షించింది దాని పేరు మీదే. ఇది రాజీ అని నాకూ తెలుసు.

మరో చిన్న సంగతి, విదేశాల్లోని కొరియన్లు. 1903 జనవరిలో హవాయి చేరిన తొలి వంద మందిలో చాలామంది ఇంచన్‌లోని ఒక మెథడిస్ట్ సంఘం వారు. అక్కడి పాస్టరే తోటల పనికి వెళ్లమని వారిని ప్రోత్సహించాడు. వలస వెళ్లే సమూహాల్లో క్రైస్తవుల వాటా స్వదేశంలో కంటే చాలా ఎక్కువ ఉండాలి.

ఇవన్నీ పెట్టాక ఆటను ఎవరూ ముట్టుకోకుండా అయిదారు సార్లు 1936 దాకా నడిపించి చూడండి. జపాన్ పాలన వచ్చిన పరుగుల్లో క్రైస్తవులు మొత్తం మీద రెండు మూడు శాతం మధ్య, ప్యోంగన్‌లో దానికంటే గట్టిగా ఎక్కువగా వస్తే మీ ఫైలు సరిగ్గా ఉన్నట్టే. జపాన్ రాని పరుగులకు చరిత్రలో కొలబద్ద లేదు. నేను ఒకటిన్నర దగ్గర ఆగేలా పరిమితి పెట్టాను, మీరు వేరే అంకె ఎంచుకుంటే దాని కారణం ఫైల్లోనే ఒక వరుసలో రాసి ఉంచండి, తర్వాత ఆ మోడ్‌ను చేపట్టేవారు మొదట అడిగేది అదే.